కోళ్లకు ఇంటి వైద్యం ఎంతవరకు పనిచేస్తుంది? నర్సంపేట చెల్లెమ్మ ప్రశ్నకు జవాబు

చెల్లెమ్మా, మీరు అడిగింది చదివేవాళ్లందరికీ తెలియాలని ముందుగా రెండు మాటల్లో చెప్తాను. నర్సంపేట దగ్గరి పల్లెలో మీ ఇంటి వెనక నాటుకోళ్లు, వనరాజా అనే పెరటి జాతి కోళ్లు కలిపి పెంచుతున్నారు. పోయిన ఎండాకాలం మొదట్లో వారం తిరగకముందే సగానికి పైగా పోయాయి. కునుకుతూ కూర్చున్నాయి, ఆకుపచ్చగా పారాయి, రెండు మూడు మెడ తిప్పుకుంటూ పడిపోయాయి. మీ అత్తమ్మ పసుపు, ఎల్లిగడ్డ నూరి మింగించినా ఆగలేదు. ఇంగ్లిష్ మందుల జోలికి పోకుండా, ఇంట్లో దొరికేవాటితో రోగాలు రాకుండా చూసుకునే దారి చెప్పమన్నారు.

నేను పశువైద్యశాలలో సహాయకుడిగా పరకాల, ములుగు వైపు ఊళ్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ ఇంటి దగ్గర కోళ్లున్నాయి. వేపాకు, బూడిద, పసుపు, సీతాఫలం ఆకు అన్నీ నేనూ వాడతాను. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇంటి వైద్యం గూటిని, నీళ్లను, మేతను, ఒంటి మీది పురుగును బాగా చూసుకుంటుంది. కొక్కెర రోగాన్ని మాత్రం ఆపలేదు. దాన్ని ఆపేది టీకా ఒక్కటే. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ కోళ్లను తీసుకుపోయింది కొక్కెరే అనిపిస్తోంది.

మన దగ్గర కొక్కెర అనేదాన్నే డాక్టర్లు రాణిఖేత్ అంటారు. అది వైరస్. సోకిన ఐదారు రోజులకు బయటపడుతుంది. టీకా పడని మందలోకి వస్తే ఒక్కోసారి ఒక్కటి కూడా మిగలదు. పసుపుకు గానీ, ఎల్లిగడ్డకు గానీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చి మింగించే గొట్టాల మందుకు గానీ అది లొంగదు. ఎక్కడో ఒక కోడి తట్టుకుని బతికితే ఆ రోజు ఏం పెట్టామో దానికి పేరొస్తుంది. చచ్చిపోయినవాటికీ అదే పెట్టామన్నది ఎవరికీ గుర్తుండదు. ఊరూరా ఇదే చూశాను. ఆ నమ్మకం వల్ల టీకా వేయించే రోజులు దాటిపోతాయి. నా బాధంతా అదే.

కొందరు "ఎండదెబ్బకు పోయాయి" అని సరిపెట్టుకుంటారు. రెండింటికీ తేడా సులువుగానే తెలుస్తుంది. ఎండదెబ్బకు పోయేవి ఎక్కువగా బలిసిన కోళ్లు, అదీ మధ్యాహ్నం పూట. నోరు తెరుచుకుని రొప్పుతాయి, రెక్కలు ఒంటికి దూరంగా పరుస్తాయి, పడిపోతాయి. పొద్దు గూకాక మిగతావి మామూలుగా మేత తింటాయి. కొక్కెర అయితే పగలనక రాత్రనక ఒకటి తర్వాత ఒకటి పోతూనే ఉంటాయి. గురక, తెలుపు కలిసిన ఆకుపచ్చ పారుడు, కాళ్లూ రెక్కలూ పడిపోవడం, మెడ వంకర పోవడం కనిపిస్తాయి.

టీకా అనగానే మీరు ఇంగ్లిష్ మందు అనుకుని పక్కన పెట్టొద్దు. గుడ్డులోకి, మాంసంలోకి మందు మిగిలిపోతుందని భయపడాల్సిన సంగతి కాదిది. కోడి ఒంట్లో ఉన్న శక్తినే ముందుగా సిద్ధం చేయడం. కోడిపిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా అనే కొక్కెర టీకా ఒక చుక్క, కంట్లో గానీ ముక్కులో గానీ. 28వ రోజు దగ్గర మళ్లీ ఒకసారి. 8 నుంచి 10 వారాలప్పుడు ఆర్2బి అనే టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఆర్2బి బలమైన టీకా. చిన్న పిల్లలకు తొందరపడి వేస్తే టీకాతోనే జబ్బు పడతాయి, కాబట్టి వయసు లెక్క తప్పొద్దు.

చుక్క వేయడం మీరే నేర్చుకోవచ్చు. పిల్లను ఎడమ చేతిలో పట్టుకుని తల కొంచెం పక్కకు తిప్పితే కన్ను పైకి వస్తుంది. చుక్క కంటి మీద పడగానే వదిలేయొద్దు. అది ఒకసారి రెప్ప వేసి, చుక్క లోపలికి పోయేదాకా ఆగాలి. తొందరలో వదిలితే పిల్ల తల విదిలిస్తుంది, చుక్క నేల పాలవుతుంది. మీ లెక్కలో టీకా పడినట్టు, దాని ఒంట్లో పడనట్టు అవుతుంది. కలిపిన టీకాను నీడలో, ఐసు మీద పెట్టి రెండు గంటల్లోపే ముగించాలి. పొద్దున్నే, చల్లబాటున వేయాలి. నలతగా ఉన్నవాటికి వేయొద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో మీ కళ్లు నలుపుకోవద్దు, కళ్లు ఎర్రబడతాయి.

ఇబ్బంది ఎక్కడంటే సీసాలో డోసులు వంద, అంతకు పైనే ఉంటాయి. మూత తీస్తే మిగిలింది దాచుకోవడానికి పనికిరాదు. పది కోళ్లున్న ఇంటికి అది దండగ అనిపిస్తుంది. అందుకే వాడ మొత్తం కలిసి ఒకే పూట వేయించుకోండి. మీ కోళ్లకు టీకా వేసి, గోడ అవతలివాళ్ల కోళ్లకు వేయకపోతే సగం పనే అయినట్టు. మండల పశువైద్యశాలలో ముందుగా అడిగి పెడితే ఊరికొచ్చే రోజు చెప్తారు. చలి తగ్గి ఎండలు ముదరకముందే, అంటే సంక్రాంతి అటూఇటూగా ఒక విడత పూర్తి కావాలి.

రోగం మీ గడప ఎలా తొక్కిందన్నది కూడా ఆలోచించండి. చాలాసార్లు అంగడి నుంచి తెచ్చిన కోడితోనే వస్తుంది. మేడారం జాతర ముందు, ఎల్లమ్మ, పోచమ్మ బోనాల రోజుల్లో కోళ్లు ఎక్కడెక్కడి నుంచో చేతులు మారతాయి. మొక్కు కోసమని తెచ్చిన పుంజును రెండు రోజులు మన కోళ్లతోనే గంప కింద కమ్మేస్తాం. అది పైకి నిగనిగలాడుతూనే ఉండొచ్చు. కొత్త కోడి ఏదైనా మూడు వారాలు విడిగా, వేరే నీళ్ల గిన్నెతో ఉంచాలి. ముందు మన కోళ్లకు మేత వేసి, ఆ తర్వాతే దాని దగ్గరికి పోవాలి. మొక్కు కోడి అయితే ఇంటి వెనకకు తీసుకుపోకుండా వాకిట్లోనే కట్టేయండి.

ఇంకో మాట కటువుగా ఉన్నా చెప్పాలి. రోగం మొదలవగానే మిగిలినవాటిని కోసుకోవడం, అగ్గువకు అంగడిలో అమ్మేయడం మన ఊళ్లలో అలవాటు. ఆ ఈకలు, పేగులు పెంటకుప్ప మీద పడతాయి. కుక్కలు, కాకులు ఊరంతా తిప్పుతాయి. అమ్మిన కోడి ఇంకో ఊరిని ముంచుతుంది. చచ్చినవాటిని లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఒకటి రెండు రోజుల్లోనే గుంపులు గుంపులుగా పోతుంటే, జుట్టు నీలంగా మారి మొహం వాస్తే వాటిని ముట్టుకోవద్దు, కోయొద్దు. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక మీరు అడిగిన ఇంటి వైద్యం. ఇందులో మొదటిది, నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది, బూడిద గుంత. కోళ్లు మట్టిలో పొర్లాడేది సరదాకు కాదు, పేలను దులుపుకోవడానికి. వాన తగలని చోట అడుగున్నర వెడల్పు, అడుగు లోతు గుంత తీసి కట్టెల పొయ్యి బూడిద, సన్నటి ఇసుక, ఎండబెట్టి నలిపిన వేపాకు కలిపి నింపండి. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు. బూడిద తడిస్తే ఘాటెక్కి చర్మాన్ని కాలుస్తుంది, అందుకే పైన కప్పు తప్పనిసరి. ఈ గుంత ఒక్కటి సరిగ్గా ఉంటే పేల మందు అవసరం చాలావరకు తప్పుతుంది.

గోమార్ల సంగతి వేరు. అవి పగలు కోడి ఒంటి మీద ఎక్కువగా దొరకవు. గూటి చెక్కల సందుల్లో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి బయటికొచ్చి రక్తం తాగుతాయి. రాత్రి తొమ్మిది దాటాక సెల్‌ఫోన్ లైటు వేసి గూటి మూలలు, కోళ్లు కూర్చునే కర్ర అడుగు భాగం చూడండి. నల్లిలా చదునుగా, బూడిద రంగులో ఉండేది అప్పటికే రక్తం తాగి ఉంటే నలుపు తిరిగి ఉబ్బి కనిపిస్తుంది. పగలు కోడిని ఎంత వెతికినా చాలాసార్లు ఏమీ దొరకదు, కోడి మాత్రం రోజురోజుకు పాలిపోతూ ఉంటుంది. దీనికి ఒంటికి ఏం రాసినా ఉపయోగం లేదు, మందు వేయాల్సింది గూటికి. పగుళ్లను మట్టితో పూడ్చి, చిక్కటి సున్నం రెండు పూతలు వేయండి. చెక్క సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి, ఎండలో ఆరాక వేపనూనె గానీ కానుగ నూనె గానీ కుంచెతో పట్టించండి. పత్తికి కొట్టే పురుగుమందు మిగిలిందని గూట్లో పిచికారీ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కోడి ముక్కుతో ఈకలు సర్దుకుంటుంది, ఆ విషం నేరుగా కడుపులోకి పోతుంది, గుడ్డులోకీ వస్తుంది.

పొదిగే పెట్ట మూడు వారాలు కదలకుండా కూర్చుంటుంది కాబట్టి పేలు దానికే ఎక్కువ పడతాయి. మన గుట్టల్లో సీతాఫలం చెట్లకు కొదవ లేదు. గంపలో గడ్డి కింద సీతాఫలం ఆకులు, వావిలాకు పరిచే పాత అలవాటు మంచిదే, మానొద్దు. సీతాఫలం గింజల పొడి ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. అయితే అది కంట్లో పడితే ప్రమాదం, కోడికైనా మనిషికైనా. ఈకల మొదళ్లలో చిటికెడు రుద్దాలంటే తల వైపు పోకుండా రుద్దండి, కోడిపిల్లలకు అసలే వద్దు. కాళ్ల మీద పొలుసులు లేచి గరుకుగా తయారైతే అది కంటికి కనిపించని పురుగు పని. గోరువెచ్చని సబ్బునీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తగా తోమి, తుడిచి, వేపనూనె కలిపిన కొబ్బరినూనె రెండు మూడు రోజులకోసారి రాస్తూ పోతే ఊపిరాడక ఆ పురుగు చస్తుంది. ఇక్కడ ఇంటి మందే అసలు మందు.

వేపాకు, పసుపు ముద్దకు బాగా పేరు తెచ్చిపెట్టింది అమ్మోరు. జుట్టు మీద, కళ్ల చుట్టూ బొబ్బలు లేచి పొక్కులు కట్టే రోగం. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ముద్ద రాయడం వల్ల పుండు చీము పట్టకుండా, ఈగలు ముసరకుండా ఉంటుంది, అది తక్కువ మేలేం కాదు. లేత వేపాకు, పసుపు మెత్తగా నూరి కొంచెం కొబ్బరినూనెలో కలిపి పలచగా రాయండి. పొక్కులు గిల్లొద్దు. కళ్లు మూసుకుపోతే గోరువెచ్చని ఉప్పునీళ్లలో దూది ముంచి తుడవండి. కళ్లు కనిపించక తిండీ నీళ్లూ లేకనే ఈ రోగంలో ఎక్కువ పిల్లలు పోతాయి. అందుకని రోజుకు మూడు నాలుగు సార్లు చేత్తో తినిపించాలి, ముక్కు కొస నీళ్లలో ముంచి తాగించాలి. గొంతులో తెల్లటి పొర కడితే మాత్రం డాక్టరుకు చూపించండి. దీన్ని దోమలు అంటిస్తాయి కాబట్టి గూటి దగ్గర నీళ్లు నిల్వ ఉండొద్దు, సాయంత్రం వేపాకు పొగ వేస్తే మంచిది. దీనికీ టీకా ఉంది, 6 నుంచి 8 వారాలప్పుడు రెక్క పొరలో గుచ్చి వేస్తారు.

వానాకాలంలో కోడిపిల్లలకు రక్త పారుడు వస్తుంది. ముఖ్యంగా 3 నుంచి 6 వారాల పిల్లలకు. దాని మూలం తడి. రెట్టలో పడ్డ, ఈ రోగం తెచ్చే క్రిమి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. పొడి నేల మీద వాటి ఆట సాగదు. ఊక గానీ రంపపు పొట్టు గానీ రెండు అంగుళాల మందాన పరిచి, రోజూ తిరగేసి, నీళ్ల గిన్నె చుట్టూ తడిసింది తడిసినట్టు తీసేయండి. నీళ్ల గిన్నె ఇటుక మీద, పిల్ల వీపు ఎత్తున పెడితే సగం తడి తగ్గుతుంది. ఇంత చేసినా రక్తం కనిపిస్తే దానిమ్మ తొక్క కషాయం అని రెండు రోజులు పోగొట్టొద్దు. డాక్టరు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం పొడి నీళ్లలో ఇవ్వాలి. అది ఇచ్చే రోజుల్లో బి విటమిన్ మందు కలపొద్దు, ఒకదాని పని ఒకటి చెడగొడుతుంది. ఇంకో సంగతి, రోజుకు ఒకటి రెండు సార్లు కోడి జిగురుగా, ముదురు గోధుమ రంగులో రెట్ట వేస్తుంది. అది రోగం కాదు. మామూలు రెట్ట మీద తెల్లటి టోపీ ఉండటం కూడా ఆరోగ్యమే.

నట్టల కోసం బొప్పాయి గింజలు, గుమ్మడి గింజలు పెట్టడం తప్పు కాదు, కానీ విడిచి తిరిగే కోళ్లకు వాటితోనే కడుపు శుభ్రపడదు. మూడు నెలలకోసారి నట్టల మందు తాగించండి. టీకాకు వారం ముందు ఇస్తే టీకా కూడా బాగా పడుతుంది. మందు ఇచ్చాక గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో అక్కడే అడిగి తెలుసుకోండి.

మేత విషయంలో మన జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది మక్కల గురించి. కోసిన మక్కలు రోడ్డు మీద ఎండబోస్తాం, అకాల వాన పడుతుంది, తడిసినవి మార్కెట్లో పోవు. "కోళ్లకైనా పనికొస్తాయి" అని పక్కన పెడతాం. బూజు పట్టిన మక్కల్లో పుట్టే విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది, టీకాకు వచ్చే బలాన్ని కూడా తగ్గిస్తుంది. కడిగినా, మళ్లీ ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. గింజ మొన దగ్గర నల్లగా, ఆకుపచ్చగా కనిపించినా, ముక్క వాసన వచ్చినా పారబోయండి. వేపాకు, పసుపు వందసార్లు పెట్టడం కన్నా ఈ ఒక్క జాగ్రత్త ఎక్కువ కోళ్లను కాపాడుతుంది. అలాగే మందు పట్టించిన విత్తనాలు మిగిలితే కోళ్లకు అందకుండా దాచండి.

మంచి మేత ఖర్చుతో కూడిందేం కాదు. నూకలు, జొన్నలు, తవుడుతో పాటు మునగాకు సన్నగా తరిగి రోజూ గుప్పెడు వేయండి. గుడ్డు సొన రంగు మారడం మీకే కనిపిస్తుంది. పిల్లలకు చెదలు దొరికితే అంతకు మించిన మేత లేదు. పాత కుండలో పెండ, తడి గడ్డి కుక్కి పుట్ట దగ్గర సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు నిండుతాయి. తోలుగుడ్లు పెడుతుంటే గుడ్డు పెంకులు వేయించి, గుడ్డు ఆకారం తెలియకుండా నూరి పెట్టండి. ఎల్లిగడ్డ వారానికి రెండుసార్లు కొద్దిగా పెట్టొచ్చు, ఆకలి పెరుగుతుంది. ఉల్లిగడ్డ మాత్రం ఎక్కువ పెడితే రక్తం తగ్గిపోతుంది.

నీళ్లలో వేపాకు రసం కలిపే అలవాటు మానుకోమంటాను. చేదుకు కోళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తాయి, 44 డిగ్రీల ఎండలో అంతకన్నా చెరుపు లేదు. వేపకొమ్మ గూట్లో వేలాడదీస్తే కావాల్సినవి పొడుచుకు తింటాయి. ఎండాకాలం మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి నీడన రెండు మూడు చోట్ల పెట్టండి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. మేత పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు దాటాక. రేకుల గూడైతే పైన వరిగడ్డి పరిచి తడపండి. బాగా ఎండ ఉన్న పూట లీటరు నీళ్లకు చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు, అర నిమ్మకాయ కలిపి ఇవ్వండి, పక్కన మామూలు నీళ్లు కూడా ఉంచండి. రొప్పుతూ పడిపోయినదాన్ని నీడకు తెచ్చి కాళ్లు మామూలు నీళ్లలో ముంచండి, ఐసు నీళ్లు పోయొద్దు.

గొంతులో కిరసనాయిలు, సారా పోయడం, జుట్టు కోసి రక్తం తీయడం ఇంకా అక్కడక్కడా జరుగుతూనే ఉన్నాయి. అవి వైద్యం కాదు. ఎవరు చెప్పినా చేయకండి.

మీ అత్తమ్మకు ఒక పని అప్పగించండి, ఆమె కంటే బాగా ఎవరూ చేయలేరు. పొద్దున గంప ఎత్తగానే ఏ కోడి అందరికన్నా వెనక వస్తుందో చూడటం. రాత్రి కమ్మేటప్పుడు మెడ కింద మేత సంచి నిండుగా ఉందో లేదో చేత్తో తడమటం. రోగం పైకి కనిపించడానికి ఒక రోజు ముందే అక్కడ తెలుస్తుంది. అనుమానం వచ్చినదాన్ని ఆ క్షణమే వేరు చేయాలి. 1962 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. చచ్చినది ఉంటే, జుట్టు నీలంగా మారి మొహం వాచినది కాకపోతే, ఆలస్యం చేయకుండా రెండు కవర్లలో గట్టిగా కట్టి పశువైద్యశాలలో చూపించండి. వరంగల్ దగ్గరివాళ్లకు మామునూరు పశువైద్య కళాశాల కూడా ఉంది.

ఇప్పుడు మీ దగ్గర మిగిలిన కోళ్లకు చేయాల్సింది ఇది. గూటిలోని పాత ఊక, రెట్ట అంతా గీకి దూరంగా పూడ్చండి. సున్నం కొట్టి నాలుగైదు రోజులు ఎండ తగలనివ్వండి. నట్టల మందు ఇచ్చి, వారం ఆగి, అన్నిటికీ లసోటా చుక్క వేయించండి. మూడు నాలుగు వారాల తర్వాత ఆర్2బి. గుడ్లు పెట్టే పెట్టలు కొన్నాళ్లు గుడ్లు తగ్గిస్తాయి, టెన్షన్ పడొద్దు, మళ్లీ మొదలుపెడతాయి. ఇదంతా అయ్యాకే కొత్త పిల్లలను తెచ్చుకోండి. వనరాజా పిల్లలైతే మొదటి రోజే మారెక్స్ అనే ఇంకో కోళ్ల రోగానికి వేసే టీకా పడిందో లేదో అమ్మేవాళ్లను అడగండి, దాన్ని పొదిగించిన చోటే వేస్తారు.